బొప్పాయి మొదలు కుళ్ళు: మందు కంటే ముందు నీళ్ళ సంగతి చూడండి

వానలు పడ్డాక నాలుగు నెలల రెడ్ లేడీ రకం బొప్పాయి మొక్కలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతున్నాయి, కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు రెండుసార్లు కొట్టినా ఆగలేదు, ఏం చేయాలని ఒక రైతు అడిగారు.

దాంతో ఆగదు, అన్నా. మొదలు కుళ్ళు తెచ్చేవి ఎక్కువగా పిథియం, ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవులు. చూపుకు బూజులాగే ఉన్నా ఇవి అసలు శిలీంధ్రాల జాతి కాదు, కార్బెండజిమ్ వీటిని ఏమీ చేయలేదు. షాపులో మాత్రం తెగులు అనగానే చేతిలో పెట్టేది అదే.

ముందు తెగులు అవునో కాదో చూసుకోండి. వాడిన మొక్క మొదలు దగ్గర మట్టి పక్కకు తీసి, చాకుతో బెరడు పైపైన గీకండి. లోపల తెల్లగా ఉంటే భయం లేదు. గోధుమరంగు తిరిగి నీరు ఊరుతుంటే కుళ్ళు పట్టినట్టే. పడిపోయినదాన్ని చీలిస్తే లోపల తేనెపట్టులా గుల్లగా కనిపిస్తుంది.

మాది రైల్వే కోడూరు వైపు. మాకు జూన్ వానల కంటే అక్టోబరు, నవంబరు తుపాన్లే గండం. 2021 నవంబరు వానలకు మా తోటలో ఎత్తు బోదెల మీదున్న మొక్కలు నిలబడ్డాయి, పల్లంలో నీళ్ళు నిలిచిన చోట వరసకు వరసే పోయింది. ఈ తెగులు బీజాలు నీళ్ళలో ఈదుకుంటూ పోతాయి. ఒక మొక్క పడితే తర్వాత పడేవి నీళ్ళు పారే దిక్కునే ఉంటాయి, మీ తోటలోనూ గమనించండి. అందుకే ఈరోజే వరసల మధ్య కాలువ తీసి నీళ్ళు బయటికి పంపండి. డ్రిప్ పైపు మొదలుకు ఆనుకుని ఉంటే అడుగున్నర దూరం జరపండి. కలుపు తీసేవాళ్ళకు మొదలుకు పార తగలనివ్వొద్దని గట్టిగా చెప్పండి.

ఇక మందు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి మొదలు చుట్టూ నేల బాగా తడిసేలా పోయండి. ఇందులోని మెటలాక్సిల్ వేరు నుంచి పైకే ఎక్కుతుంది, ఆకుల మీద కొడితే వేరుకు దిగదు. అదే మందు పదేపదే పోస్తే తెగులు దానికి అలవాటు పడుతుంది. రెండోసారికి 1 శాతం బోర్డో మిశ్రమం పోయండి: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కిలో, సున్నం కిలో, నీళ్ళు 100 లీటర్లు, ప్లాస్టిక్ డ్రమ్ములోనే. శుభ్రమైన ఇనుప చాకు కాసేపు ముంచితే దాని మీద ఎర్రగా రాగి పట్టిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపాలి.

తెగులును అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా మంచిదే గానీ అది ముందు జాగ్రత్తకు, ఇప్పుడు పడిపోతున్న మొక్కను లేపదు. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో ట్రైకోడెర్మా 2 కిలోలు కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం పది రోజులు ఉంచి వేయండి. రసాయన మందు పోసిన వెంటనే వేస్తే ట్రైకోడెర్మానే చస్తుంది, రెండు వారాలు ఆగాలి.

పడిపోయిన మొక్కలు వేళ్ళతో పెరికి కాల్చేయండి. కాలువలో పారేస్తే కింది రైతుకు తెగులు పంపినట్టే. ఆ గుంటల్లో ఈ సీజన్‌కు మళ్ళీ బొప్పాయి పెట్టకండి. మీ నేల ఎర్రదా, నల్లరేగడా చెప్పలేదు. నల్లరేగడైతే కాలువలు ఇంకాస్త లోతు తీయండి.