ఏఐ గీసిన హీరోకు అంచులెందుకు అలుక్కుపోతాయి?

ప్రశ్న: మా చిన్న గేమ్‌కు బొమ్మలు గీసే ఏఐ స్టేబుల్ డిఫ్యూజన్‌తో పిక్సెల్ ఆర్ట్ (చిన్న చదరపు గడులతో గీసే బొమ్మ) హీరోను చేయించాం. గేమ్‌లో పెడితే అంచులు అలికినట్టున్నాయి. ఏం చేయాలి?

జవాబు: అది పిక్సెల్ ఆర్ట్‌లా కనిపించే మామూలు బొమ్మే. అసలైన దాంట్లో గడులన్నీ ఒకే సైజులో ఉంటాయి, ఇందులో ఉండవు. బాగా జూమ్ చేసి చూడండి: కంటి దగ్గర గడి 15 పిక్సెళ్లుంటే భుజం దగ్గర 17 ఉంటుంది, ఒక్క నల్ల గీతలోనే బోలెడు నలుపులు. గడి సుమారు 16 పిక్సెళ్లయితే, 1024 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను నియరెస్ట్ నైబర్ (రంగులు కలపకుండా దగ్గరి పిక్సెల్ రంగునే తీసుకునే) పద్ధతిలో 64 పిక్సెళ్లకు కుదించండి. బైలీనియర్ పద్ధతి వద్దు, రంగుల్ని కలిపేస్తుంది. ఆపైన పిక్సెల్ ఆర్ట్ సాఫ్ట్‌వేర్ అసెప్రైట్‌లో 16 రంగులకు తగ్గించండి. కళ్లు, వేళ్లు మాత్రం చేత్తోనే దిద్దాలి. బొమ్మకు ప్రాణం అక్కడే. నడక ఫ్రేములు విడివిడిగా చేయిస్తే ఫ్రేముకో చొక్కా వస్తుంది. ఒకే బొమ్మలో కాళ్లూ చేతులూ వేరే లేయర్లు చేసి కదపండి. గేమ్‌ను ఆన్‌లైన్ గేముల స్టోర్ స్టీమ్‌లో పెట్టేటప్పుడు ఏఐ బొమ్మల సంగతి తప్పక వెల్లడించండి; 2024 జనవరిలో ఆ నిబంధన పెట్టారు.