పుణేలో వన్ ఆర్‌కె: టోకెన్ వేసే ముందు

ప్రశ్న: మా అబ్బాయికి పుణే హింజవడీలో ఉద్యోగం వచ్చింది. చేతికి 28 వేలు వస్తాయి. పీజీలో ఒకే గదిలో ముగ్గురు, నిద్ర ఉండట్లేదంటున్నాడు. వాకడ్‌లో వన్ ఆర్‌కె (ఒక గది, వంటిల్లు) ఉందని ఏజెంటు ఫొటోలు పంపాడు. అద్దె 9 వేలు, డిపాజిట్ 30 వేలు. టోకెన్ 5 వేలు ఈరోజే వేయమంటున్నాడు. వేయమంటారా?
– ఒక తల్లి, బల్లార్‌పూర్

జవాబు: వద్దమ్మా, ఈరోజు వేయకండి. ఫొటోలు చూసి డబ్బు పంపడం దగ్గరే చాలామంది మోసపోతున్నారు. డబ్బు రావాలంటే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమన్నా అది మోసమే, స్కాన్ చేసి పిన్ కొడితే మన ఖాతాలోంచే పోతుంది. అబ్బాయిని వెళ్లి స్వయంగా చూడమనండి. ఓనర్ దగ్గర ఇండెక్స్ 2 కాగితం (ఇల్లు ఎవరి పేరిట రిజిస్టర్ అయిందో చూపేది), కొత్త లైట్ బిల్లు అడగాలి. రెండింటిలో పేరు, ఫ్లాట్ నంబరు కలవాలి. కలవకపోతే ఎందుకో ఓనర్‌నే అడగాలి, ఏజెంటును కాదు.

ఇక డబ్బు లెక్క. ఏజెంటు కమిషన్‌గా ఒక నెల అద్దె తీసుకుంటే, చేరేనాటికి అద్దె 9 వేలు, డిపాజిట్ 30 వేలు, కమిషన్ 9 వేలు, మొత్తం 48 వేలు కావాలి. అగ్రిమెంట్ ఖర్చు దీనికి అదనం. సొసైటీ మెయింటెనెన్స్ అద్దెలోనే ఉందా, వేరేనా అన్నది కాగితం మీద రాయించుకోండి. ఆ శివార్లలో చాలా భవనాలకు ట్యాంకర్ నీళ్లే దిక్కు, ఎండాకాలం ఆ ఖర్చు ఎవరిదో కూడా తేల్చుకోవాలి.

పెద్ద ఫ్లాట్‌ను అడ్డుగోడలతో మూడు గదులు చేసి, ఒక్కోటీ వన్ ఆర్‌కె అని అద్దెకిచ్చే చోట మీటరు ఒకటే ఉంటుంది. యూనిట్లన్నీ ఒకే బిల్లులో కలవడంతో పై స్లాబులోకి వెళ్లి, మీవాడు వాడే కొద్దిపాటి కరెంటుకూ ఎక్కువ రేటు పడుతుంది. వేరే మీటరు ఉందన్నా పరీక్షించాలి. గదిలో స్విచ్‌లన్నీ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్ తీసి, మీటరు మీద మినుకుమినుకుమనే ఎర్రలైటును రెండు నిమిషాలు చూడమనండి. అది ఆగకపోతే ఇంకెవరి తీగో అందులో ఉన్నట్టే.

బాత్రూమ్‌ను ఆనుకున్న గోడ కింది భాగం, అలమారా వెనక గోడ తడిమి చూడాలి. కొత్త రంగు వేసినా పొక్కులు కనిపిస్తే వానాకాలం చెమ్మ ఖాయం. తాళం తీసుకునే రోజు గోడలు, కుళాయిలు, మీటరు రీడింగ్ వీడియో తీసి ఓనర్‌కు పంపాలి. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్‌లో కోతలు పడకుండా కాపాడేది అదే.

ప్రశ్న: 11 నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని పుణే ఓనర్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: కాదండీ. ఏడాదికి లోపు లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదన్నది కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలోని సాధారణ నియమం, ఇక్కడ అది చెల్లదు. మహారాష్ట్రలో 1999 అద్దె నియంత్రణ చట్టం 55వ సెక్షన్ ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ (ఇక్కడ ఇళ్లు అద్దెకిచ్చేటప్పుడు రాసుకునే అగ్రిమెంట్) ఎన్ని నెలలదైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఓనర్‌దే. చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, 5 వేల వరకు జరిమానా ఉండొచ్చు. అలా రిజిస్టర్ కాని చోట తగాదా వస్తే, వేరే రుజువు లేనంతవరకు, షరతుల గురించి అద్దెకున్నవారు చెప్పిందే చెల్లుతుంది.

స్టాంపు సుంకం 0.25 శాతమే. పై లేఖలోని ఇంటి లెక్కే తీసుకుంటే, నెలకు 9 వేల చొప్పున 11 నెలలకు 99 వేలు, 30 వేల డిపాజిట్‌పై ఏడాదికి 10 శాతం వడ్డీ కింద 3 వేలు, మొత్తం 1,02,000 మీద లెక్కేస్తే దాదాపు 255 రూపాయలు. నగరంలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. ఆధార్ వేలిముద్రతో ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది కాబట్టి ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు. ఇంత తక్కువ ఖర్చుకు ఓనర్ వెనకాడుతుంటే ఇంకో ఇల్లు వెతుక్కోండి.

ఒక్క జాగ్రత్త: గడువు దాటాక కొత్త అగ్రిమెంట్ లేకుండా ఉండిపోతే, ఖాళీ చేసేదాకా రెట్టింపు అద్దె లెక్కన నష్టపరిహారం అడిగే హక్కు ఓనర్‌కు ఉంది. పదో నెలలోనే పొడిగింపు మాట తేల్చుకోండి.