స్పా మూసి ఉంచి ‘డబ్బు వాపసు లేదు’ అంటే చెల్లుతుందా?

ప్రశ్న: మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మకు మూడు రోజులు విశ్రాంతి దొరుకుతుందని సముద్రతీరంలోని ఒక హోటల్లో స్పా ప్యాకేజీని ట్రావెల్ యాప్ ద్వారా, మొత్తం సొమ్ము ముందే చెల్లించి, బుక్ చేశాను. రోజుకొక మసాజ్, ఆవిరి స్నానం, వేడినీటి కొలను అందులో కలిసి ఉన్నాయని కన్ఫర్మేషన్‌లో స్పష్టంగా ఉంది. తీరా వెళ్లాక, మరమ్మతుల వల్ల స్పా రెండు వారాలుగా మూసి ఉందన్నారు. డబ్బు అడిగితే ‘ఇది నాన్ రిఫండబుల్ బుకింగ్’ అన్నారు. మరోసారి వచ్చినప్పుడు వాడుకోమని రాయితీ కూపన్ చేతికిచ్చి, ‘ఇకపై ఏ క్లెయిమూ చేయను, ఏ కోర్టుకూ వెళ్లను’ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం చేయించుకున్న తర్వాతే గది తాళం ఇచ్చారు. యాప్ వాళ్లు తమకు సంబంధం లేదంటున్నారు. నాకు ఇంకా ఏమైనా హక్కు మిగిలి ఉందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉంది. మీరు సంతకం చేసిన కాగితం మిమ్మల్ని భయపెట్టినంతగా మీ కేసును దెబ్బతీయదు. అయితే ఏది అడగాలి, ఎంత అడగాలి అన్న విషయంలో కొంత జాగ్రత్త అవసరం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందుగా ‘నాన్ రిఫండబుల్’ అన్న మాట సంగతి చూద్దాం. ఆ షరతు, గది మీకోసం అట్టిపెట్టిన హోటల్ మీరు రాకపోవడం వల్ల నష్టపోకుండా ఉండటానికి పెట్టుకున్నది. మీరు ప్రయాణం మానుకుంటే అది వర్తిస్తుంది. మీరు వెళ్లారు, సొమ్ము చెల్లించారు, మీ వైపు నుంచి చేయవలసినదంతా చేశారు. ఒప్పుకున్న సేవ ఇవ్వనిది హోటల్. తన వైఫల్యానికి తానే రక్షణగా ఆ షరతును అడ్డు పెట్టుకునే వీలు హోటల్‌కు లేదు. మీరే రద్దు చేసుకున్న సందర్భంలో కూడా, ఒప్పందంలో రాసి ఉన్నంత మాత్రాన మొత్తం సొమ్ము జప్తు చేసుకోవడం ఎల్లవేళలా చెల్లదు. భారత ఒప్పందాల చట్టం, 1872లోని సెక్షన్ 74 ప్రకారం సముచితమైన పరిహారమే రాబట్టుకోవాలనీ, నష్టమే జరగని చోట జప్తు కుదరదనీ సుప్రీంకోర్టు 2015లో కైలాశ్ నాథ్ అసోసియేట్స్ కేసులో తేల్చి చెప్పింది. మీ పరిస్థితి అంతకన్నా బలమైనది.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(11) ‘సేవా లోపం’ అంటే ఏమిటో చెబుతూ, వినియోగదారుకు తెలియవలసిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడాన్ని కూడా అందులో చేర్చింది. మీ కేసుకు ఆయువుపట్టు ఇదే అని నా అభిప్రాయం. యంత్రం చెడిపోయి మీరు వెళ్లిన ఉదయమే స్పా మూతపడి ఉంటే హోటల్ చెప్పుకోవడానికి కొంత ఉండేది. కానీ రెండు వారాలుగా మూసి ఉందని వారే చెప్పారు. ఆ రెండు వారాల్లో మీకు ఒక్క ఫోన్ గానీ ఈమెయిల్ గానీ చేయలేదంటే, తెలిస్తే మీరు రారని తెలిసే మౌనంగా ఉన్నారని వాదించవచ్చు. కాబట్టి మీరు బుక్ చేసిన తేదీకీ స్పా మూసిన తేదీకీ మధ్య ఏది ముందు, ఏది వెనుక అన్నది తప్పకుండా నిర్ధారించుకోండి. మూసివేత తర్వాత కూడా యాప్‌లో అదే ప్యాకేజీని ‘స్పాతో సహా’ అని అమ్ముతూ ఉంటే, అది సెక్షన్ 2(28) కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అని కూడా చెప్పవచ్చు; ఆ పేజీ ఇంకా ఉంటే తేదీ కనిపించేలా ఈ రోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఎందుకంటే నోటీసు అందిన మర్నాడు అది అక్కడ ఉండకపోవచ్చు.

మసాజ్ వంటివి వ్యక్తిగత సేవలు కాబట్టి ఈ చట్టం వర్తించదని కొందరు ప్రతివాదులు వాదిస్తుంటారు. చట్టం మినహాయించినది యజమానికీ సేవకుడికీ మధ్య ఉండే తరహా ఒప్పందాన్ని మాత్రమే. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లోనే ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో వివరించింది. సొమ్ము చెల్లించింది మీరే అయినా, మీ అనుమతితో ఆ సేవను పొందవలసిన మీ అమ్మగారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారే.

ఇక సంతకం విషయం. ఏ కోర్టుకూ వెళ్లనని రాయించుకున్న షరతు, న్యాయ మార్గాన్ని పూర్తిగా మూసివేసేది కనుక, ఒప్పందాల చట్టం సెక్షన్ 28 కింద ఆ మేరకు చెల్లదు. ‘ఇకపై క్లెయిమ్ చేయను’ అన్న భాగం కొంచెం వేరు. ఇష్టపూర్వకంగా రాజీపడి తగిన ప్రతిఫలం తీసుకున్న వ్యక్తి తర్వాత మాట మార్చడాన్ని న్యాయస్థానాలు హర్షించవు. కానీ మీరు రాజీపడలేదు. డబ్బంతా చెల్లించిన మనిషిని, నొప్పులతో ఉన్న తల్లితో సహా రిసెప్షన్‌లో నిలబెట్టి, సంతకం చేస్తేనే తాళం ఇస్తామనడం స్వేచ్ఛతో కూడిన అంగీకారం కానే కాదు. యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్ కేసులో 1999లో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇక్కడ పనికి వస్తుంది: మోసం వల్లనో, తప్పుడు మాటల వల్లనో, ఒత్తిడి వల్లనో పొందిన సంతకమని నిరూపిస్తే, పూర్తి పరిష్కారంగా రాసిచ్చిన రసీదు కూడా వినియోగదారుల ఫిర్యాదుకు అడ్డురాదు. నిరూపించే భారం మీదే కనుక, ఆ సంతకానికి మీరు అభ్యంతరం చెబుతూ హోటల్‌కు ఇప్పటిదాకా ఏమీ రాయకపోతే ఆలస్యం చేయకుండా ఈమెయిల్ పంపండి. వారం లోపు చేసిన అభ్యంతరానికి ఉండే బరువు ఏడాది తర్వాత చేసిన దానికి ఉండదు.

యాప్ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి. సొమ్ము తీసుకున్నదీ, స్పా ఉందని కన్ఫర్మేషన్ పంపినదీ ఆ సంస్థే. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం అటువంటి సంస్థలకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. స్పా మూతపడిన సంగతి హోటల్ ఆ యాప్ సంస్థకు చెప్పిందా లేదా అన్నదాన్ని బట్టి చివరికి వారి బాధ్యత నిర్ణయమవుతుంది. ఆ సంగతి వారి జవాబులోనే బయటపడుతుంది.

ఎంత అడగాలి? ఇక్కడ మీకు నచ్చని మాట చెప్పవలసి వస్తోంది. మీరు గదిలో మూడు రోజులూ ఉన్నట్టయితే మొత్తం ప్యాకేజీ సొమ్ము వాపసు రావడం కష్టం. అదే హోటల్‌లో అవే రోజులకు స్పా లేని గది అద్దె ఎంతో కనుక్కుని, ఆ తేడాను వాపసుగా, దానిపై వడ్డీని, మానసిక వేదనకు సముచితమైన పరిహారాన్ని, ఖర్చులను అడగండి. ఒక హోటల్ సెలూన్‌లో జరిగిన జుట్టు కత్తిరింపు వివాదంలో, సేవా లోపాన్ని కాదనకుండానే, రెండు కోట్ల పరిహారాన్ని ఆధారాలు లేవన్న కారణంతో సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో పక్కన పెట్టింది. అమ్మగారి నొప్పి పెరిగిందని రాయాలనుకుంటే డాక్టరు కాగితం ఉండాలి. లేకపోతే ఆ మాట రాయకండి.

మొదట జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో (ఫోన్ నంబరు 1915) ఫిర్యాదు నమోదు చేయండి. చాలా తగాదాలు అక్కడే తీరిపోతాయి. తీరకపోతే ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపి, మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించండి. హోటల్ ఎక్కడున్నా, మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసుకునే హక్కును సెక్షన్ 34 ఇచ్చింది. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. నోటీసు అందిన ప్రతివాది 30 రోజుల్లో, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజుల్లో జవాబివ్వాలి; ఆ 45 రోజులు దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తీర్పు చెప్పింది.

ఫిర్యాదు రాసేటప్పుడు ‘నాన్ రిఫండబుల్’ షరతును అనుచిత ఒప్పందంగా ప్రకటించమని మాత్రం కోరకండి. ఆ అధికారం చట్టం రాష్ట్ర కమిషన్‌కు, ఆపై జాతీయ కమిషన్‌కు ఇచ్చింది గానీ జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు. ఆ ఒక్క వాక్యం వల్ల మీ ఫిర్యాదు విచారణార్హత మీదే నెలల తరబడి వాదన సాగవచ్చు. సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న రెండింటికే పరిమితమవండి.

ఫిర్యాదుకు ఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంది. ఈలోగా వారిచ్చిన రాయితీ కూపన్‌ను వాడకండి. దాన్ని వాడుకుంటే, పరిష్కారానికి మీరు ఇష్టపడే ఒప్పుకున్నారనడానికి హోటల్‌కు అదే సాక్ష్యమవుతుంది. నోటీసుతో పాటు కూపన్‌ను స్పీడ్ పోస్టులో వెనక్కి పంపి, దాని నకలునూ పోస్టు రసీదునూ ఫిర్యాదుకు జతచేయండి.