శ్రీనుకు పెద్దమ్మ ఉత్తరం: గుండెకు బ్రేకు ఎక్కడుందంటే

చిరంజీవి శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

అర్ధరాత్రి గుండె దడ, వేళ్ల చివర్లు తిమ్మిర్లు, ఇక ప్రాణం పోతోందన్న భయం. తీరా ఎమర్జెన్సీకి పరుగెడితే ఈసీజీ నార్మల్, "ఏమీ లేదు, టెన్షన్ పడకు" అని పంపేశారన్నావు. ఏమీ లేదనడం నాకు నచ్చలేదురా. గుండెజబ్బు లేకపోవచ్చు, దడ మాత్రం నిజమే కదా! ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, ఇలా వచ్చినవాళ్లను ఎందరినో చూశాను.

నువ్వు వీడియోలో చూసిన వేగస్ నాడి ఉత్తిమాట కాదు. పేరులో వేగం వినిపిస్తుంది గానీ గుండె దగ్గర అది చేసే పని బ్రేకు వేయడం. లాటిన్‌లో ఆ మాటకు దేశదిమ్మరి అని అర్థమట. మెదడు అడుగున బయలుదేరి గొంతు, గుండె, ఊపిరితిత్తులు చూసుకుంటూ పేగుల దాకా తిరుగుతుంది మరి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెను ఉప్పునీటిలో ఉంచి, ఈ నాడికి కరెంటు తగిలించాడు. గుండె నెమ్మదించింది. ఆ నీళ్లే తీసి ఇంకో కప్ప గుండెకు పడితే అదీ నెమ్మదించింది! నాడి ఏదో రసాయనం వదులుతోందని అలా బయటపడింది. 1936లో నోబెల్ కూడా వచ్చింది.

ఇంకో సంగతి. ఈ నాడిలో దాదాపు 80 శాతం పోగులు ఒంట్లోని కబుర్లను పైకి, మెదడుకు మోసేవే. అందుకే దడ మొదలయ్యాక "భయపడకు, భయపడకు" అని మనసుకు ఎంత చెప్పుకున్నా అది వినదు. కబురు కింద నుంచి పంపాలి. అందుకు మన చేతిలో సులువుగా ఉన్నది ఊపిరి.

మణికట్టు దగ్గర పల్స్ పట్టుకుని చూడు. గాలి పీల్చేటప్పుడు కాస్త పరుగెడుతుంది, వదిలేటప్పుడు వేగస్ బ్రేకు పడి నిదానిస్తుంది. "హమ్మయ్య" అన్నప్పుడు గాలి ఎటు పోతుందో గమనించావా?

పొట్ట మీద చెయ్యి వేసుకో. ముక్కుతో నాలుగు లెక్కపెడుతూ పీల్చు, చెయ్యి పైకి లేవాలి. ఆరు లెక్కపెడుతూ వదులు. నిమిషానికి ఆరు ఊపిరులు, ఐదు నిమిషాలు, రెండు పూటలా. దడ వచ్చిన రాత్రే మొదలుపెడితే కుదరదు. మామూలు రోజుల్లో అలవాటైతేనే ఆ రాత్రి ఒళ్లు మాట వింటుంది. అన్నట్టు, కంగారులో పెద్దపెద్దగా గాలి మింగకు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, వేళ్ల తిమ్మిర్లు అందుకే. తల తిరిగితే ఆపేసి మామూలుగా ఊపిరి తీసుకో.

ఈ నాడిని ఎంత రెచ్చగొడితే అంత మంచిదని మాత్రం అనుకోకు. మా వార్డులో కొత్తగా చేరిన ఓ అమ్మాయి, మొదటిసారి గాయానికి కట్టు విప్పుతూ రక్తం చూసి, చేతిలో ట్రేతో సహా దబ్బున పడిపోయింది. నాడి బ్రేకు గట్టిగా తొక్కేసింది, బీపీ పడిపోయింది. పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే రెండు నిమిషాల్లో లేచి, ముందు ట్రే గురించి అడిగింది! అందుకే మెడ నరాలు నొక్కుకోమనే వీడియోల జోలికి పోవద్దు. మొహం మీద చన్నీళ్లు చల్లుకో, చాలు.

ఛాతీలో నొప్పి చేతికి పాకినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా మాత్రం ఊపిరి లెక్కలు పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లు. దడ కాకుండా రెండు వారాలుగా నిద్ర, ఆకలి, దేని మీదా ఆసక్తి లేకపోతే సైకియాట్రిస్టును కలువు. మొహమాటమైతే ముందు 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, తెలుగులోనే మాట్లాడతారు.

రాత్రి పదకొండుకు ఆ కాఫీ మానెయ్. మీ అమ్మకు ఈ ఎమర్జెన్సీ సంగతి ఇంకా చెప్పలేదు, నువ్వే చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ