రెండు కేబుళ్లు కలిపినా స్పీడు పెరగదేం?

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్ హ్యాండ్ నెట్‌వర్క్ కార్డు కొని, పాత డెస్క్‌టాప్‌ని లైనక్స్ రూటర్‌గా మార్చాను. స్విచ్‌కి రెండు గిగాబిట్ పోర్టులు కలిపి ఎల్ఏసీపీ (రెండు కేబుళ్లను ఒకే లింకులా కలిపే పద్ధతి) పెట్టాను. నెట్‌వర్క్ స్పీడు కొలిచే ఐపెర్ఫ్3లో మాత్రం సెకనుకు 940 మెగాబిట్లే వస్తోంది. కార్డు పాడైందంటారా?
- ఓ పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: కార్డు బంగారంలా ఉందండీ, టెన్షన్ పడకండి. హెడర్లూ (డేటా ముక్కలకు అంటించే చిరునామాల్లాంటివి) అవీ పోను గిగాబిట్ లింకులో టీసీపీకి, అంటే అసలు డేటాకి మిగిలేది సుమారు 941 మెగాబిట్లే. అంటే మీ లింకు ఒకటి నిండుగా నడుస్తోంది. రెండోది ఖాళీగా కూర్చుంది.

ఔటర్ రింగ్ రోడ్డు టోల్ దగ్గర ఎన్ని లైన్లున్నా ఒక కారు ఒక లైన్లోంచే కదా వెళ్లేది! ఎల్ఏసీపీ కూడా అంతే. ప్యాకెట్ల (డేటా ముక్కల) వరస చెదరకుండా ఒక కనెక్షన్ మొత్తాన్నీ ఒకే లింకులో పంపుతుంది. ఏ లింకో తేల్చేది హ్యాష్, అంటే చిరునామాల మీద వేసే ఓ చిన్న లెక్క. లైనక్స్ బాండింగ్‌లో (కేబుళ్లు కలిపే ఏర్పాటులో) అది మామూలుగా 'లేయర్2', అంటే ముఖ్యంగా మ్యాక్ అడ్రసులే (కార్డుల హార్డ్‌వేర్ చిరునామాలే) చూస్తుంది. 'లేయర్3+4' పెడితే ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు (కేబుల్ పెట్టే పోర్టులు కావు, కనెక్షన్ల నంబర్లు) లెక్కలోకి వస్తాయి. అవతలి దిశలో లింకును ఎంచేది స్విచ్, దాని సెట్టింగూ చూడండి.

ఇంకో సంగతి, నేనూ ఓ ఆదివారమంతా దీనికే బలయ్యాను: పరీక్షించే ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఒక్క గిగాబిట్ పోర్టే! రెండు కంప్యూటర్ల నుంచి ఒకేసారి, చెరో నాలుగు స్ట్రీములతో (సమాంతర కనెక్షన్లతో) కొట్టండి. ఐపెర్ఫ్ సర్వర్లు రెండు, వేర్వేరు పోర్టు నంబర్లతో, రూటర్ మీద కాకుండా, దాని అవతల 2.5 గిగాబిట్ పోర్టున్న మెషీన్లో నడపండి. రూటర్‌కి అటువైపు లింకూ అంత ఉండాలి సుమా.