'ద లాస్ట్ కిడ్స్ ఆన్ ఎర్త్' మొదటి సీజన్‌లో ఒక్క ఎపిసోడే ఎందుకుంది?

మొదటి భాగం ఉన్నదే అంత: 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది 66 నిమిషాల ఒకే ఎపిసోడ్, అందులో ఏదీ తగ్గలేదు.

ఈ యానిమేషన్ సిరీస్‌కు మూలం మ్యాక్స్ బ్రాలియర్ పిల్లల నవలలు. అందుకే ఇక్కడ భాగాలను సీజన్ అనకుండా 'బుక్' అంటారు. మొదటి నవల కథను సినిమాలా ఒకే విడతలో చెప్పేశారు. వేక్‌ఫీల్డ్ ఊరిని జాంబీలు, రాక్షసులు ముంచెత్తాక పదమూడేళ్ల జాక్ చెట్టుమీది ఇంట్లో తలదాచుకుంటాడు. క్వింట్, డర్క్, జూన్ ఒక్కొక్కరే కలుస్తారు. రోవర్ అనే రాక్షసజీవి పెంపుడు కుక్కలా వెంట ఉంటుంది. చివరికి బ్లార్గ్ అనే భారీ రాక్షసుడితో పోరు. అక్కడికి ఆ కథ పూర్తవుతుంది. దాన్ని ముక్కలు చేసి ఉంటే జోరు తగ్గేదే.

2020లో వచ్చిన రెండు, మూడు బుక్‌లు మాత్రం మామూలు సిరీస్‌లాగే, పదేసి ఎపిసోడ్‌లు.

మిగతా ఎపిసోడ్‌లు మన దేశంలో పెట్టలేదనో, తీసేశారనో చాలామంది అనుకుంటారు. అదేం కాదు, ఆ ఒక్క ఎపిసోడ్ చూశాక నేరుగా బుక్ 2కి వెళ్లిపోవచ్చు.