మీరడిగారు: కావాలని ఓడిపోరా?

ప్రశ్న: మా మనవరాలు అమెరికాలో, సెయింట్ పాల్‌లో ఉంటుంది. పదకొండేళ్లు. ఐస్ హాకీ అంటే ప్రాణం. ఆడవాళ్ల లీగులో ఆటగత్తెల్ని ‘డ్రాఫ్ట్’ చేస్తారనీ, ఆడలేక వెనకబడ్డ జట్టుకే ముందు అవకాశమనీ ఫోన్లో చెప్పింది. అలాగైతే కావాలనే ఓడిపోరా?
- ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: అమ్మా, అసలు కిటుకు దగ్గరే పట్టుకున్నారు.

ముందు ఒక మాట. ఇది మన క్రికెట్ వేలం లాంటిది కాదు. ఇక్కడ పాట పాడేవాళ్లు ఉండరు. జట్లు వరసలో ఒక్కొక్కరి పేరే చెబుతాయి. పేరు చెప్పిన జట్టుతోనే ఆ అమ్మాయి ఒప్పందం మాట్లాడుకోవాలి. మీ మనవరాలు చెప్పిన ఆడవాళ్ల లీగు పేరు పీడబ్ల్యూహెచ్ఎల్. దాని మొదటి డ్రాఫ్టు 2023 సెప్టెంబరులో టొరంటోలో జరిగింది. ఆరు జట్లు, 15 రౌండ్లు, 90 మంది. తొలి పేరు టేలర్ హైస్, తీసుకుంది మీ మనవరాలి ఊరి జట్టు మిన్నెసోటానే.

ఇక మీ అనుమానం. జిల్లా కబడ్డీ లీగులో ఇంటిముఖం ఖాయమయ్యాక ఆఖరి మ్యాచ్ ఎలా ఆడామో నాకు తెలుసు. కాళ్లు కోర్టులో, మనసు బస్టాండులో. ఆ జబ్బుకి వీళ్లు మందు కనిపెట్టారు. పేరు ‘గోల్డ్ ప్లాన్’. బంగారం కాదు లెండి, ఆడమ్ గోల్డ్ అనే ఆయన ఆలోచన. ప్లేఆఫ్ ఆశ పోయిన క్షణం నుంచి జట్టుకి కొత్త ఖాతా తెరుస్తారు. అక్కడి నుంచి గెలిచి తెచ్చుకున్న పాయింట్లు ఎవరికెక్కువుంటే వాళ్లదే మొదటి పేరు. బలహీనమైన జట్టు ముందే బయటపడుతుంది కాబట్టి దానికి మిగిలే మ్యాచ్‌లు ఎక్కువ. కానీ గెలవాల్సిందే! న్యూయార్క్ ఇలా 2024లో సారా ఫిలియర్‌నీ, 2025లో చెక్ అమ్మాయి క్రిస్టినా కల్టౌంకోవానీ ముందుగా తీసుకుంది.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. ఊరు ఎంచుకునే హక్కు అమ్మాయికి ఉండదు. హైస్‌కి కలిసొచ్చింది, సొంత రాష్ట్రమే దక్కింది. తొలి సీజన్లోనే కప్పు గెలిచి ప్లేఆఫ్‌లో ఉత్తమ క్రీడాకారిణి అయింది. అదే డ్రాఫ్టులో రెండో పేరు జోస్లిన్ లరోక్. టొరంటో తీసుకుంది, 2024 డిసెంబరులో ఒటావాకి మార్చేసింది. బదులుగా వచ్చినవాళ్లలో ఒకరు ఆ డ్రాఫ్టులోనే ఐదో పేరైన సవానా హార్మన్. సీజన్ మధ్యలో ఇద్దరూ పెట్టెలు సర్దుకున్నారు. మీ మనవరాలికి ఈ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పకండి.